కొంగ్సీ గడప దాటితే...

ఆదివారం ఉదయం ఆరున్నర. మన ఊళ్లో అయితే ఈపాటికి ఎండ వాకిట్లో పడుతుంది. మలేషియాలో ఏడు దాటితేగానీ సరిగ్గా తెల్లారదు. సైటు వెనక రేకుల షెడ్డులో గదికి ఆరుగురు చొప్పున మనవాళ్లు ముసుగుతన్ని పడుకుని ఉంటారు. ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు, వరసగా గదులు... పనివాళ్లుండే ఈ పాకల్ని ఇక్కడ 'కొంగ్సీ' అంటారు.

వారమంతా ఎదురుచూసిన సెలవు కదా, ఏం చేస్తారనుకుంటున్నారు? తొమ్మిదింటికి లేస్తారు. బట్టలుతుక్కుంటారు. కోడి వండుకుంటారు. ఇంటికి ఫోను చేస్తారు. అటునుంచి డబ్బు మాట వస్తుంది. ఆ మాట అయ్యాక సీసా మూత తీస్తారు. సాయంత్రానికి ఒకడు పాడుతుంటాడు, ఒకడు ఏడుస్తుంటాడు, ఇద్దరు కొట్టుకుంటుంటారు. సోమవారం హాజరు పట్టీలో రెండు పేర్లు గల్లంతు. వాళ్లెందుకు రాలేదో పైవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాల్సింది సూపర్‌వైజర్ని, అంటే నేను.

నాది శ్రీకాకుళం జిల్లా. సివిల్ డిప్లొమా చేసి 2014లో ఇక్కడికొచ్చాను. చెప్పొద్దూ, మొదటి మూడేళ్లు నా ఆదివారాలూ ఇంచుమించు ఇలాగే గడిచాయి. వాళ్లు కొంగ్సీలో పడుకునేవారు, నేను కాజాంగ్‌లో అద్దె ఫ్లాటులో పడుకునేవాణ్ని. అంతే తేడా. గాలం, సైకిలు, గుడారం... ఈ మూడూ నన్ను ఆ మంచం మీంచి ఎలా లేపాయో రాద్దామని కూర్చున్నాను. రాస్తే నేను చేసిన తప్పు కూడా రాయాలి. అదీ రాస్తాను.

ఎర్రలు తవ్విన పెద్దాయన

గాలం వైపు నన్ను లాగింది మా సైటు స్టోరులో పనిచేసిన ఒక పెద్దాయన. మలేషియా తెలుగాయన. వాళ్ల తాత విశాఖపట్నం దిక్కునుంచి ఓడెక్కి పేరా రాష్ట్రంలోని బాగన్ డత్తో కొబ్బరి తోటలకి కూలికొచ్చాడట. ఈయనకి తెలుగు చదవడం రాదు. మాట్లాడితే మాత్రం మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంటుంది. "ఏటి బాబూ, ఆదోరం పూట మూల కూకున్నావు? రా, సేపలకెల్దాం" అన్నాడు ఒకరోజు. సముద్రం దాటొచ్చి, మా ఊరి పిల్లలే మరిచిపోయిన యాసని ఒక మలేషియా పౌరుడి నోట వినడం... ఆ రోజు నాకు అదోలా అయింది.

అన్నట్టు, ఇక్కడ తెలుగువాళ్ల చరిత్ర చిన్నదేం కాదు. 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘానికి మూలం అదే. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. మహాసభల సంగతి మనకి పుస్తకాల్లో దొరుకుతుంది. తోటల్లో మిగిలిన ఈ యాస సంగతి మాత్రం ఇలా స్టోరు రూములో పార అప్పు తీసుకుంటుంటే తెలుస్తుంది.

ఆయన స్టోరు వెనక అరటిచెట్టు మొదట్లో మట్టి పెళ్లగించి ఎర్రలు తవ్వాడు. కొబ్బరి చిప్పలో ఇంత తడిమట్టి వేసి వాటిని అందులో పెట్టాడు. నేను దుకాణంలో కొన్న మెరిసే గాలం, రీలు చూసి నవ్వాడు. బెండు, సీసపు గుండు, ఎర్ర ఉంటే చాలన్నాడు. ఆ పూట ఆయనకి నాలుగు చేపలు పడ్డాయి, నాకు ఒక ప్లాస్టిక్ సంచి.

కౌలాలంపూర్ చుట్టుపక్కల గాలం వేసుకునే మడుగుల్లో చాలావరకు పాత తగరపు గనులే. ఒకప్పుడు ప్రపంచానికి తగరం ఎక్కువగా పంపిన దేశం ఇది. 1985లో తగరం ధర కుప్పకూలాక గనులు మూతబడ్డాయి, గోతుల్లో వాన నీరు నిండింది. సన్‌వే లగూన్ అనే నీటి ఆటల పార్కు ఉన్న చోటు కూడా ఒకప్పటి గనే. డెంగ్‌కిల్ దగ్గరి పాయా ఇండా చిత్తడి నేలలూ అంతే. చూడ్డానికి మన ఊరి చెరువులాగే ఉంటాయి కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన చెరువు గట్టు నుంచి మెల్లగా లోతవుతుంది. ఇవి గోతులు. ఒడ్డునుంచి రెండడుగులు వేస్తే మూడో అడుగుకి నేల ఉండదు. అడుగున గనుల ఒండ్రు. అందులో కాలు దిగితే పైకి రాదు. పునాదులు తవ్వేటప్పుడు ఆ బురద సంగతి మాకు బాగా అనుభవమే. అంచేత ఈత వచ్చినా సరే, ఈ మడుగుల్లో దిగొద్దని మా కుర్రాళ్లకి గట్టిగా చెబుతాను.

ఇక చేపలంటారా... పేర్లు మారాయి కానీ మొహాలు తెలిసినవే. ఇక్కడి 'హరువాన్' మన కొర్రమేనుకి దగ్గరి చుట్టం. పురుడు పోసుకున్న ఆడవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి గాయం త్వరగా మానుతుందని దాని పులుసు పెడతారు. మనవాళ్లు మృగశిర కార్తెకి హైదరాబాదులో ఉబ్బసం మందుని కొర్రమేను పిల్ల నోట్లో పెట్టి మింగించడం చెబితే మలయ్ మిత్రులు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. 'కెలి' అంటే మన మార్పు చేప. 'సియాకప్' అంటే సాక్షాత్తూ పండుగప్ప. తిలాపియాని ఇక్కడి పాతవాళ్లు 'జపాను చేప' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్లు ఈ దేశాన్ని ఆక్రమించినప్పుడు ఇండోనేషియా వైపు నుంచి వచ్చిందట. నల్లగా ముళ్ల కవచంతో ఉండే ఇంకో చేప ఉంది. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంలు శుభ్రం చేయడానికి తెచ్చి కాలవల్లో వదిలేశారు. మురికి తింటుందని దానికి 'బందరాయా చేప' అని పేరు పెట్టారు. బందరాయా అంటే నగరం, మునిసిపాలిటీ అన్నమాట! మన గోదావరి జిల్లాల చెరువుల్లో 'దెయ్యం చేప' అని పత్రికల్లో వస్తుందే, ఆ జాతిదే. ఇక్కడ లంగాట్ నదిలో అది గుడ్లు పెట్టి పెట్టి మిగతా చేపల్ని బతకనివ్వడం లేదని కుర్రాళ్లు దండుగా వెళ్లి దాన్ని ఏరి పారేస్తున్నారు.

డబ్బు కట్టి గాలం వేసుకునే చెరువులు కూడా ఉన్నాయి. గంటల లెక్కన టిక్కెట్టు. నేనొకసారి ముప్ఫై రింగిట్లు కట్టి మూడు గంటలు కూర్చుని ఒక్క చేపతో తిరిగొచ్చాను. అదే చేప బజార్లో పది రింగిట్లు. "బాబూ, నువ్వు సేపని కొనలేదు, ఆ మూడు గంటలు కొనుక్కున్నావు" అన్నాడు పెద్దాయన. అప్పుడు కోపమొచ్చింది.

ఆదివారం ఖరీదు

గంటలు కొనుక్కోవడమంటే మా కుర్రాళ్లకి లెక్క వేరు. ఇక్కడి 1955 ఉద్యోగ చట్టం ప్రకారం వారానికొక సెలవు రోజు ఉండాలి. పని గంటల్ని వారానికి 48 నుంచి 45కి తగ్గిస్తూ సవరించిన చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది. కానీ సెలవు రోజు పనిచేస్తే ఎక్కువ కూలీ వస్తుంది. ఏజెంటుకి కట్టడానికి ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తిమీద ఉన్నవాడు ఆదివారం ఓవర్‌టైమ్ దొరుకుతుందా అని చూస్తాడా, చేపలు దొరుకుతాయా అని చూస్తాడా? 2025లో కనీస వేతనం 1,700 రింగిట్లయింది. అయినా ఆదివారం పనికి పేర్లివ్వమంటే ముందు చేతులెత్తేది మనవాళ్లే.

నేనేమీ వాళ్లని తప్పుపట్టను. నెలలో ఒక్క ఆదివారం వదులుకోండర్రా అంటాను, అంతే. వరసగా ఏడు వారాలు సెలవు లేకుండా పనిచేసినవాడు ఎనిమిదో వారం పరంజా మీద ఎలా నడుస్తాడో నేను చూశాను.

ఇంకో భయం కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. బయటికెళితే తనిఖీ. పాస్‌పోర్టు, పర్మిట్ చూపించాలి. చాలామందికి ఆ పాస్‌పోర్టు తమ దగ్గరే ఉండదు, కంపెనీ ఆఫీసులో ఉంటుంది. నిజానికి ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు దగ్గర పెట్టుకోవడం 1966 పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఇక్కడ నేరం. ఈ సంగతి మనవాళ్లలో నూటికి పదిమందికైనా తెలుసో లేదో. అందుకే కొంగ్సీ గడప దాటడానికే వెనకాడతారు. ఈ పాస్‌పోర్టు గొడవ ఇక్కడితో ఆగదు, మళ్లీ వస్తుంది.

సైట్ హెల్మెట్టుతో సైకిలెక్కి

2018లో ఒక చైనా పెద్దమనిషి కొట్లో 350 రింగిట్లకి పాత సైకిలు కొన్నాను. మొదటి ఆదివారం కాజాంగ్ నుంచి పుత్రజయ బయల్దేరాను, రమారమి 15 కిలోమీటర్లు. సైకిలు హెల్మెట్ లేక సైట్లో పెట్టుకునే తెల్ల హెల్మెట్టే పెట్టుకున్నాను. దారిలో సైకిళ్ల దండు ఒకటి నన్ను దాటుతూ "ఇంజినీర్ బాస్!" అని కేకేసింది. వాళ్లలో ఒకాయన ఆగి, ఆ హెల్మెట్ పైనుంచి రాయి పడితే కాపాడుతుంది గానీ పక్కకి పడితే కాపాడదని చెప్పాడు. నిజమే కదా. పదేళ్లు హెల్మెట్ల గురించి ఉపన్యాసాలిచ్చిన నాకు తట్టనేలేదు.

పుత్రజయ చూడని తెలుగువాడు ఇక్కడ ఉండడు. టూరిస్టు బస్సులో వచ్చి గులాబీరంగు మసీదు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. సైకిలు మీద చూడాలండీ ఆ ఊరిని. ఆ సరస్సు దేవుడిచ్చింది కాదు, చువావు, బీసా అనే చిన్న నదులకి అడ్డుకట్ట వేసి చేసింది. పైనుంచి వచ్చే నీళ్లు వడకట్టడానికి ముందు చిత్తడి నేలలు కట్టారు. రెల్లు, తుంగ పెంచి వాటి గుండా నీటిని పంపి సరస్సులోకి వదులుతారు. నీళ్ల మీద ఒక్కో వంతెన ఒక్కో తరహా. తెరచాపలా తీగలు లాగి కట్టిన సెరీ వవాసన్ వంతెన కింద నేను గంటసేపు నిలబడిపోయాను. ఆ తీగల బిగువు లెక్కలు మా పాలిటెక్నిక్‌లో పరీక్ష కోసం బట్టీపట్టినవే.

ఇక్కడివాళ్లకి సైకిలంటే ప్రాణం. 1996 నుంచి 'టూర్ డి లంకావీ' పందెం జరుగుతోంది. తెరెంగాను రాష్ట్రంలో డుంగున్ అనే ఊరినుంచి వచ్చిన అజీజుల్‌హస్నీ అవాంగ్ 2016 రియో ఒలింపిక్స్‌లో కంచు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో వెండి తెచ్చాడు. కౌలాలంపూర్ నడిబొడ్డున ఆదివారం పొద్దున్న కొన్ని గంటలు కార్లు ఆపేసి, రోడ్లు సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలిపెట్టే ఏర్పాటు 2014లో మొదలైంది. ఏయే వారాలో ముందు కనుక్కుని వెళితే జంట గోపురాల చుట్టుపక్కల రోడ్ల మధ్యలో సైకిలు తొక్కొచ్చు. పైసా ఖర్చులేదు.

అయితే రెండు మాటలు. టోల్ కట్టే ఎక్స్‌ప్రెస్‌వేల మీద సైకిలుకి అనుమతి లేదు. మనవాళ్లు ఫోనులో దారి చూసుకుంటూ తెలియక ఎక్కేస్తుంటారు. రెండోది, రాత్రిపూట దీపం లేకుండా వెళ్లకండి. 2017 ఫిబ్రవరి 18న జోహార్ బారులో తెల్లవారుజామున బ్రేకులు, దీపాలు లేని సైకిళ్ల మీద తిరుగుతున్న పిల్లల్ని కారు గుద్ది ఎనిమిదిమంది చనిపోయారు. వెనక ఎర్రదీపం పదిహేను రింగిట్లు కూడా ఉండదు.

సైకిలూ గాలమూ ఒకేచోట కావాలంటే పులావ్ కేతమ్ వెళ్లండి. పేరుకి అర్థం 'పీతల దీవి'. కొమ్యూటర్ రైలెక్కి చివరి స్టేషను పోర్ట్ క్లాంగ్‌లో దిగితే పక్కనే రేవు. పడవలో ముప్పావుగంట లోపే. కార్లు లేని ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చైనా జాలర్లు మడచెట్ల మధ్య కట్టుకున్న పల్లె ఇప్పటికీ బురదమీద గుంజలెత్తుకుని నిలబడి ఉంది. ఇళ్లూ గుంజల మీదే, వీధులూ గుంజల మీదే, బడీ గుడీ అంతే. ఈ మడ కర్ర గుంజల్ని ఇక్కడ మెత్తటి నేలల్లో పునాదులకి ఇప్పటికీ దిగేస్తారు, మా సైట్లలో 'బకావ్' అంటాం. ఆటు వచ్చినప్పుడు ఇళ్ల కింద బురదలో పీతలు పరుగెడుతుంటే, పైన కాంక్రీటు పలకల వీధిలో అద్దె సైకిలు మీద తిరగడం... మా భావనపాడు రేవు గుర్తొచ్చి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ దీపావళి రాత్రి

ఇప్పుడు ఆ తప్పు దగ్గరికొస్తాను.

2019లో దీపావళి అక్టోబరు 27, ఆదివారం పడింది. ఆదివారం పండగొస్తే సోమవారం సెలవిస్తారిక్కడ. రెండు రోజులు! ఐదుగురం హులు లంగాట్ కొండల వైపు ఒక వాగు ఒడ్డుకి గుడారం వేసుకుందామని వెళ్లాం. నేను, మా ఇద్దరు ఫోర్‌మన్లు, పలాస దగ్గరి కుర్రాడొకడు, పెద్దాయన. పలాస తమ్ముడికి అప్పుడు ఇరవై మూడేళ్లు. సంసు అనే నాటుసారాకి అలవాటు పడుతున్నాడని తెలిసి చేపలకి వెంట తిప్పుకుంటున్నాను. గాలం పట్టాక తాగుడు సగం తగ్గింది. వాడి చెల్లెలి పెళ్లి మాఘమాసంలో, అంటే 2020 ఫిబ్రవరిలో. టిక్కెట్టు కొనుక్కోవడానికని కంపెనీని బతిమాలి ఆ వారమే పాస్‌పోర్టు చేతికి తెచ్చుకున్నాడు. కొంగ్సీ తాళం మీద నమ్మకం లేక, దారిలో తనిఖీ ఉంటే చూపించడానికి కూడా అని, దాన్ని సంచిలో పెట్టుకునే వచ్చాడు.

వాగు మధ్యలో అంచునే చదునుగా ఇసక మేట. మెత్తగా పరుపులా ఉంది. అక్కడే గుడారం వేయించాను. పెద్దాయన చూసి, "ఇసక మీద కాదు బాబూ, పైన ఆ రాతిగట్టు మీద ఏసుకోండి. గెడ్డని నమ్మకూడదు" అన్నాడు.

"ఆకాశంలో చుక్కలు కనబడుతున్నాయి కదా పెద్దయ్యా" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. అన్నం తిని తొమ్మిదింటికి వాళ్ల అబ్బాయి కారులో వెళ్లిపోయాడు.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాణ్ని, గెడ్డ పొంగడం నాకు తెలియదా? ఏజెన్సీ కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ వస్తుందని చిన్నప్పుడే చెప్పారు మా వాళ్లు. తెలిసీ వేశాను. సైట్లో పైకప్పు లేని చోట ఒక్క నిమిషం నిలబడితే విజిల్ వేసేవాణ్ని, నా సెలవురోజుకి ఆ విజిల్ ఇంట్లో పెట్టొచ్చాను.

రాత్రి రెండయ్యుంటుంది. టిప్పర్ లారీ కంకర దింపుతున్న చప్పుడు. నిద్రలో సైట్లో ఉన్నాననే అనుకున్నాను. వీపుకింద తడి తగిలి లేచాను. టార్చి వేస్తే నీళ్లు ఎర్రగా, ఆకులు, పుల్లలతో సుడులు తిరుగుతున్నాయి. "లెగండ్రా!" అని అరవడం, ఒకరి చెయ్యొకరు పట్టుకుని రాతిగట్టు ఎక్కడం... మోకాలి లోతు నడుము లోతు కావడానికి ఎంతసేపో పట్టలేదు. నలుగురం ఎక్కాం. గుడారం, వంటగిన్నెలు, గాలాలు, సంచులు పోయాయి. పలాస తమ్ముడి సంచి కూడా.

తెల్లారాక ఆ వాగు మళ్లీ ఏమీ ఎరగనట్టు పారుతోంది. రెండు కిలోమీటర్ల కింద ఒక గిన్నె దొరికింది.

ఇక్కడివాళ్లు దీన్ని 'కెపాలా ఆయిర్' అంటారు. అంటే 'నీటి తల'. పైన కొండల్లో కురిసిన వాన మొత్తం ఒక్కసారి తల ఎత్తుకుని వచ్చినట్టు వస్తుంది. పడమటి తీరంలో ఏప్రిల్ చుట్టుపక్కల, మళ్లీ అక్టోబరు, నవంబరు రోజుల్లో మధ్యాహ్నం నుంచి ఉరుముల వానలెక్కువ. తేటనీరు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, ఎండుటాకులు గుంపుగా కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినపడినా ఉన్నవన్నీ వదిలేసి గట్టెక్కాలి. సామాన్లు సర్దుకునే టైము ఉండదు.

పోలీసు ఫిర్యాదు, కొత్త పాస్‌పోర్టు, దానిమీద మళ్లీ పర్మిట్... ఈ తిరుగుడు అయ్యేసరికి ఫిబ్రవరి దాటిపోయింది. చెల్లెలి పెళ్లిని తమ్ముడు ఫోనులో చూశాడు. పోనీ, మార్చి నెలాఖరుకి వెళ్లొద్దువులే అన్నాను. 2020 మార్చి 18న లాక్‌డౌన్ మొదలైంది. మలేషియా సరిహద్దులు మళ్లీ మామూలుగా తెరుచుకున్నది 2022 ఏప్రిల్ 1న. వాడు ఇంటికెళ్లేసరికి మేనకోడలు నడుస్తోంది.

ఈ రెండేళ్లలో వాడు నన్నొక్క మాట అనలేదు. "నీళ్లు పట్టుకుపోతే నువ్వేటి చేస్తావన్నా" అన్నాడు. అంటే బాగుండేది.

బతాంగ్ కాలి తర్వాత

నేను చాలాకాలం మళ్లీ గుడారం జోలికి పోలేదు. 2022 డిసెంబరు 16న తెల్లవారకముందే బతాంగ్ కాలి దగ్గర, గెంతింగ్ వెళ్లే దారిలో, ఒక తోటలోని క్యాంపు మీద కొండచరియ విరిగిపడింది. స్కూలు సెలవులని పిల్లల్ని తీసుకొచ్చి గుడారాల్లో నిద్రపోతున్న కుటుంబాలు. 31 మంది చనిపోయారు, 61 మంది బయటపడ్డారు. ఆ చోటుకి క్యాంపు నడిపే లైసెన్సు లేదని తర్వాత తేలింది. వాళ్లు వాగు పక్కన కూడా లేరు, నేను చేసిన తప్పు చేయలేదు. నేల కదిలింది పైనుంచి. 1993 డిసెంబరు 11న హైలాండ్ టవర్స్ అనే పన్నెండంతస్తుల భవనం కూలి 48 మంది పోయింది కూడా వెనక వాలు జారడం వల్లే. ఈ దేశంలో నిర్మాణం పనిచేసేవాళ్లందరికీ కంఠస్థమైన పాఠం అది. వానలో నానిన కొండ వాలు తడిసిన సిమెంటు బస్తాల దొంతర లాంటిది, ఎప్పుడు ఒరుగుతుందో చూసి చెప్పలేం.

ఇప్పుడు మేం వెళితే లైసెన్సున్న చోటుకే వెళ్తాం. రిజర్వు అడవిలోకైతే అటవీ శాఖ పర్మిట్ ముందు తీసుకుంటాం. గుడారం ఎక్కడ వేయాలో వెలుగుండగానే నేను ఒక్కణ్నే చుట్టూ నడిచి చూస్తాను. పైన వాలు మీద చెట్లు వంకరగా పెరిగాయా, నేలలో చీలికలున్నాయా, వాలు కిందనుంచి నీళ్లు ఊరుతున్నాయా అని. కుర్రాళ్లు నవ్వుతారు, "అన్న ఇన్‌స్పెక్షన్‌కి దిగాడు" అని. నవ్వనీండి.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఉరిమితే గాలం కింద పెట్టేయాలి. ఇప్పటి గాలపు కర్రలు చాలావరకు కార్బన్‌వి, వాటిలో కరెంటు పారుతుంది. సైట్లో ఉరుము వినపడగానే టవర్ క్రేన్ ఆపుతాం, చెరువుగట్టు మీద ఆరడుగుల కార్బన్ కర్ర ఎత్తి పట్టుకుని నిలబడతామా? కాలికి పుండుంటే వాగులో దిగొద్దు. ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం ఇక్కడి విహార స్థలాల్లో మామూలే. 2010లో పహాంగ్ రాష్ట్రంలో లుబుక్ యూ దగ్గర నీటమునిగిన మనిషిని వెతకడానికి దిగినవాళ్లలో ఎనిమిదిమంది ఆ జ్వరంతోనూ, మట్టినుంచి వచ్చే ఇంకో జబ్బుతోనూ చనిపోయారు. కౌలా కుబు భారు దగ్గరి చిలింగ్ వాగులో గాలం వేయకూడదు, అది కెలా చేపలకి రక్షిత స్థలం. చూడ్డానికైతే కాళ్ల దగ్గరికే వస్తాయి.

పాస్‌పోర్టు సంగతి కూడా. తనిఖీకి అసలుదే చూపించాలి, కాబట్టి ఇంట్లో వదలమని చెప్పలేను. నీళ్లు దూరని సంచి ఒకటి కొన్నాను, నలభై రింగిట్లు. అందరి పాస్‌పోర్టులూ అందులో వేసి ఎవరిది వాళ్లు తీసుకునేదాకా నా నడుముకే కట్టుకుంటాను. నిద్రలో కూడా.

పలాస తమ్ముడు ఇప్పుడు ఫోర్‌మన్. కొత్తగా వచ్చిన కుర్రాళ్లని నెలకొక ఆదివారం వాడే పోగుచేస్తాడు. కిందటి నెల పులావ్ కేతమ్‌లో వాడి గాలానికి చేయంత జెల్ల పడింది. వీడియో కాల్‌లో మేనకోడలికి చూపిస్తే, "మావా, దాన్ని నీళ్లలో ఒగ్గేయ్" అని ఏడుపు మొదలెట్టింది. ఐదేళ్ల పిల్ల మాట, ఏం చేస్తాడు? ఒగ్గేశాడు. మాకు మధ్యాహ్నం కూర లేకుండా పోయింది.

పెద్దాయన స్టోరు పని మానేసి బాగన్ డత్తో వెళ్లిపోయాడు. మొన్న ఫోన్ చేశాడు. పేరా నదిలో పెద్ద రొయ్యలు పడుతున్నాయట, పంజా మూరెడు ఉండేవి. వచ్చే నెల రెండో ఆదివారం నలుగురం వెళ్తున్నాం. దారిలో తెలుక్ ఇంటాన్‌లో ఆగి 1885లో కట్టిన ఆ ఒరిగిన గోపురం కూడా చూడాలి, పునాదికింద నేల మెత్తనైతే ఏమవుతుందో కుర్రాళ్లకి చూపించడానికి. ఎర్రలు తానే తవ్వి ఉంచుతానన్నాడు పెద్దాయన. గుడారం మాత్రం తేవద్దన్నాడు, వాళ్లింటి వరండాలోనే పడుకోవాలట.